మేకపోతు మంత్రి కళ్ళజోడు

మా స్టూడియోలో ఆమెను అందరూ పెదాలక్క అంటారు. ఆదివారం సాయంత్రాలు టీవీలో వచ్చే మా కార్టూన్ హాస్య కార్యక్రమంలో జంతువులే మంత్రులు, జంతువులే విలేకరులు. మాటకు తగ్గట్టు వాటి నోళ్ళు గీయడం ఆమె పని. బల్ల మీద చేతి అద్దం పెట్టుకుని "ఆ, ఈ, ఊ" అంటూ తన పెదాలు చూసుకుని గీస్తుంది. పక్క బల్ల దగ్గర రంగులు వేసే నేను మొదట్లో ఈవిడకు కాస్త తిక్కేమో అనుకున్నాను.

కుదురన్నది ఆమె ఒంట్లో లేదు. కూర్చుంటే కాలు ఊపుతుంది, నిలబడితే పెన్సిలు కొరుకుతుంది. బాగా వచ్చిన నోటిని కూడా చెరిపి మళ్ళీ గీస్తుంది. పక్కన కూర్చున్న పాపానికి నాకు తలనొప్పి.

మా కార్యక్రమంలో జనానికి మహా ఇష్టమైనవాడు రోడ్ల మంత్రి మేకపోతు. "వంతెన ఎందుకు కూలిందండీ?" అని విలేకరి కోడి అడగగానే కళ్ళజోడు తీస్తాడు. ఊదుతాడు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచి, వెలుతురుకెత్తి చూసి, రెండోది తుడుస్తాడు. మళ్ళీ పెట్టుకునేసరికి కోడి తనేమడిగిందో మరిచిపోతుంది. నీళ్ళు నమిలే నాయకులను అందరూ చూసినవాళ్ళే గానీ, ఇంత తీరిగ్గా నమిలేవాణ్ణి చూడలేదు కాబోలు, ఒకటే నవ్వు. ఆ తుడుపు రచయిత రాసింది కాదు. అక్క తనంతట తానే చేర్చింది.

ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఓసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు తెలిసింది. వాళ్ళ నాన్న టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనాయన. "ఎదురింటివాళ్ళ తాళంచెవి ఇచ్చేశావా నాన్నా?" అని అక్క అడిగింది. ఆయన కళ్ళజోడు తీశాడు. ఊదాడు. నాకు పొలమారింది. విచిత్రమేమిటంటే, మేకపోతును చూసి అందరికన్నా పెద్దగా నవ్వేది ఆయనే. "వీడికి సిగ్గులేదే అమ్మా," అంటాడట.

ఇంతలో నిజం రోడ్ల మంత్రి దగ్గర్నుంచి లాయరు నోటీసు వచ్చింది. ఆయనకు కంటి ఆపరేషన్ అయిందట. కన్ను నీరు కారుతుంటే సభల్లో మాటిమాటికీ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడట. ఆయన ఆపరేషనూ, మా మేకపోతు పుట్టుకా ఒకే నెలలో జరిగాయి. మేము జబ్బును వెక్కిరించామని ఆరోపణ.

మా లాయరమ్మ తేల్చి చెప్పింది. "ఆయన పనిని ఎంత వెక్కిరించినా ఫర్వాలేదు. జబ్బు దగ్గరికొస్తే మాత్రం కార్యక్రమం మూసుకోవాల్సిందే. ఈ అలవాటు ఇంకెవరిదో అని చూపించగలరా?"

అక్క తల వంచుకుంది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. "అక్కావాళ్ళ నాన్నగారిదండీ," అనేశాను. అయితే ఆయన్నే తీసుకురండి, కెమెరా ముందు చూపించాలి అంది ఆవిడ.

తర్వాత మూడు రోజులు ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చెప్పకపోతే ఇరవై మంది ఉద్యోగాలు పోతాయి. చెబితే నాన్న ముఖం ఎలా చూడాలి?

"ఇన్నాళ్ళూ జనం నవ్వింది నిన్ను చూసే నాన్నా అని ఎలా చెప్పన్రా?" అంది మెట్ల దగ్గర. "నీ నోరు కాసేపు మూసుకుని ఉంటే ఏం పోయేది?"

సిగ్గేసింది.

నాలుగో రోజు పొద్దున చెప్పేసింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నేనలా చేస్తానా?" అని మాత్రం అడిగాడట. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి అక్కతో పాటు నా కారెక్కాడు.

లాయరమ్మ గదిలో కెమెరా పెట్టారు. "మామూలుగా ఎలా తుడుస్తారో అలాగే తుడవండి," అంది ఆవిడ. ఆయన తీశాడు, ఊదాడు, తుడిచాడు. ఒక్కరం కూడా నవ్వలేదు.

"ఎప్పట్నుంచి ఉందండీ ఈ అలవాటు?"

"వీళ్ళమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పట్నుంచండి. అప్పుడు దీనికి ఆరేళ్ళు. అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ సాయంత్రం అడిగేది. ఏం చెప్పాలో తోచేది కాదు. కళ్ళజోడు తుడుస్తూ కూర్చునేవాణ్ణి. కాసేపటికి ఆటలో పడి మరిచిపోయేది."

అక్కకు ఈ సంగతి తెలియదు. నాన్నది మాట దాటేసే స్వభావం, అంతే అనుకుంది ఇన్నేళ్ళూ.

లాయరమ్మ కలం మూసింది. "చాలండి. నోటీసు సంగతి నేను చూసుకుంటాను," అంది మెల్లగా.

తిరిగొచ్చేటప్పుడు తండ్రీకూతుళ్ళు వెనక సీట్లో కూర్చున్నారు. చాలా దూరం వచ్చాక అక్క అడిగింది.

"నాన్నా, అమ్మ ఇక రాదని నీకప్పటికే తెలుసా?"

నేను పైనున్న అద్దంలోకి చూశాను. ఆయన రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"తెలుసమ్మా," అన్నాడు. "మొదటి వారంలోనే చెప్పారు."