అమ్మమ్మ పాట ఆగే చోటు

...నిన్నటి రికార్డింగ్‌లో కరెంటు పోవడం దగ్గర ఆపాను కదా, అక్కడి నుంచే చెప్తాను.

మా చిన్నప్పుడు సిరిసిల్లలో అమ్మమ్మ వాళ్ల ముందు గదిలో రెండు సాంచాలు ఉండేవి. అదే, మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్క మనిషి మాట కూడా వినపడదు. అమ్మమ్మ మూలన కూర్చుని కండెలకు దారం చుడుతూ పాడేది. నేనూ, పెద్దమ్మ కూతురు లావణ్యక్కా చెరో పక్క చేరి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి వినేవాళ్లం.

కరెంటు పోతే మాత్రం... సాంచాలు టక్కున ఆగేవి. అమ్మమ్మ గొంతు వీధంతా వినపడేది.

"ఓ రాజవ్వా, నీ రేడియో జర బంద్ జెయ్యరాదు!" అని ఎదురింటి ఆమె అరుగు మీది నుంచి అరిచేది.

"గిది బ్యాటరీ మీద నడుస్తదే, బంద్ గాదు!" అనేది అమ్మమ్మ.

ఓ చెల్లెలు పొంగే వాగు దాటి అన్న దగ్గరికి పోదామని బయలుదేరే పాట అది. ఆ పిల్ల వాగులో కాలు పెట్టే చోట అమ్మమ్మ ఆగేది. కాసేపటికి గానీ మిగతా ముక్క వచ్చేది కాదు. మేమూ అచ్చం అట్లాగే ఆగి పాడేవాళ్లం. అది పాటలో భాగమే అనుకున్నాం. అసలు సంగతి... పాట అక్కడికి వచ్చేసరికి కండె నిండేది. నోటితో దారం కొరికి, ఖాళీ కండె పెట్టుకునేదాకా ఆమె పాడలేకపోయేది. అంతే!

మా ఇంగ్లిష్ మీడియం స్కూల్లో అందరూ కొరియా పాటలు వింటారు. నాకేమో శుక్రవారం వస్తే కొత్తగా వచ్చిన జానపదాలు వెతకడం పిచ్చి. మనవీ, అమెరికావీ. ఇయర్‌ఫోన్స్ జుట్టు కింద దాచి వింటాను.

మొన్న ఓ అమెరికా అమ్మాయి కొత్త ఆల్బమ్ దొరికింది. బొగ్గు గనుల ఊరట, మన గోదావరిఖని లెక్క. నా వయసే ఉంటుంది. వాళ్ల నానమ్మ పాటను బాంజో మీద పాడింది. వెనకాల గిటార్ వాయించింది ఎవరో తెలుసా... వాళ్ల నాన్న! కుళ్లుతో ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అది అయిపోగానే కింద ఇంకో కొత్త పాట. కరీంనగర్ స్టూడియోది. పచ్చ లంగా ఓణీలో... లావణ్యక్క!

అమ్మమ్మ పాటే. వాగు దగ్గర అట్లాగే ఆగింది. ఆగి, మళ్లీ మొదటికి వచ్చింది. ఎందుకంటే మిగతా ముక్క అక్కకు గుర్తు లేదు. ఆమె హాస్టల్‌కి పోయాక కూడా అమ్మమ్మ పక్కన కూర్చున్నది నేను. "నీ గొంతే నా గొంతు బిడ్డా" అని అమ్మమ్మ అన్నది నాతో. కామెంట్లేమో ఆమెకు... "ఆ గ్యాప్ సూపర్ అక్కా!" "ఇంతకూ పిల్ల వాగు దాటిందా అక్కా?"

ఆ వీడియో బాపు కూడా చూశాడు, మా నాన్న.

"మీ అక్క బిడ్డ యవ్వారం సూసినవా? మనింట్ల ఎవలన్న గిట్ల ఫోన్ల కనవడాలె... సదువు బంద్!"

అన్నది అవ్వతో, అంటే మా అమ్మతో. చూసింది నా వైపు. అందుకే ఇక్కడ నా పేరు కూడా అసలుది కాదు.

నిన్న లావణ్యక్క మెసేజ్ పెట్టింది. "చెల్లె, రెండో పార్ట్ తీస్తున్నరు. వాగు తర్వాతి ముక్క యాదికొస్తలే. నీకెర్క గదా, జర పంపవే."

పంపితే అది ఆమె పాట అయిపోతుంది. పంపకపోతే... బాపు భయానికి నేను పాడను, అమ్మమ్మ ఇప్పుడు లేదు, ఇంకెవరికీ రాదు.

ఇప్పుడు సిరిసిల్లలో కరెంటు పోవడం లేదు. సాంచాలు ఆగి, ఎవరి గొంతో వీధిలోకి రావడమూ లేదు... మీ ఇంట్లో మీ ఒక్కరికే వచ్చిన పాట ఏదైనా ఉందా? ఎవరైనా అడిగితే ఇచ్చారా? దాచుకున్నారా? నిజం చెప్పండి, నేను ఎవరికీ...

తలుపు కొడుతున్నారు.

"చెల్లె, నేనే లావణ్యను. భయపడకే, మీ బాపు దుకాణంల ఉన్నడు, సూసే వచ్చిన. వీడియో సంగతి ఇడిసిపెట్టు... ఆ పిల్ల వాగు దాటిందా లేదా, గదొక్కటి నాకు చెప్పు."

ఫోను దుప్పట్ల కింద పెట్టేస్తున్నాను. దాటిందని చెప్తాను. ఎట్లా దాటిందో మాత్రం...