బస్సు తోసే పాట

ఫల్గుణకు అమ్మ ముఖం తెలియదు. అతను పాలు మరవకముందే ఆమె జ్వరంతో పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. యాభై దాటి, అనంతగిరి దగ్గర కాఫీ తోట చూసుకుంటున్న ఈ వయసులోనూ అతన్ని వదలని బెంగ అదొక్కటే.

అమ్మ ఒక సినిమాలో ఉందని చిన్నమ్మ రాజులమ్మ చెబుతుండేది. పెళ్లికి ముందు అక్కచెల్లెళ్లిద్దరూ ఘాట్ రోడ్డు మీద షూటింగుకు, మన్యంలో ఆడవాళ్లు వరసకట్టి ఆడే థింసా ఆడటానికి వెళ్లారు. డబ్బులేని కంపెనీ తీసిన నవ్వుల పాటల సినిమా. వారం కూడా ఆడలేదు. దాన్ని ఈమధ్య ఎవరో యూట్యూబ్‌లో పెట్టారని అతని భార్య సరళ కనిపెట్టింది.

ఆ మధ్యాహ్నం సిగ్నల్ దొరికే గట్టు మీద ముగ్గురూ ఫోన్ ముందు కూర్చున్నారు. చిన్నమ్మకు ఒక కంట్లో శుక్లం. ఆమె గుర్తుపట్టకపోతే ఇక చెప్పేవాళ్లు లేరు.

సినిమాలో ఉన్నది ఒకటే బస్సు. కాసేపు అది పెళ్లివారిది, కాసేపు పోలీసులది. పాట మధ్యలో హాస్యగాడి మీసం సగం ఊడితే, వేలితో నొక్కిపట్టుకునే చరణం పూర్తిచేశాడు. ఆడవాళ్లిద్దరూ పడీపడీ నవ్వారు. ఫల్గుణకు నవ్వు రాలేదు. సిగ్నల్ అందక బొమ్మ ఆగి తెర మీద సున్నా తిరిగినప్పుడల్లా ఫోన్‌ను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

థింసా వచ్చింది.

"ఏది సిన్నమ్మా?"

"ఉండరా. ఇది నేను. పక్కది... మీ అమ్మ కాదు."

వరస అంతా వెతికేసరికి ఆట అయిపోయింది.

"నేదు మరి. కోసీసినట్టున్నారు," అంది రాజులమ్మ.

ఫల్గుణ వేలు ఫోన్ ఆపబోయింది. సరళ చెయ్యి పట్టుకుంది. "ఆపీకు. ఇంకా ఉంది కదా."

హాస్యగాడు పాడుతూ బస్సును తోశాడు. అది ఉన్నట్టుండి కదిలేసరికి బురదలో బోర్లా పడ్డాడు. షూటింగు చూడవచ్చి వెనక నిలబడ్డ జనం గొల్లున నవ్వారు.

"ఆపు. బేగి ఆపు," అంది రాజులమ్మ. "నోటికి సెయ్యి అడ్డెట్టుకుంది సూడు, ఆ పొట్టి గుంట. అదే మీ అమ్మ."

"నీకు సరిగ్గా కనబడదు కదా సిన్నమ్మా. నిజంగానేనా?"

"అలా ఒంగిపోయి నవ్వేది అదొక్కతే. ఆ నవ్వుకే ఆటలోంచి తీసీసినారు. ఇప్పుడు గుర్తొచ్చింది."

ఫల్గుణ ఆగిన బొమ్మను వేళ్లతో పెద్దది చేస్తే ముఖం చుక్కలుగా విడిపోయింది. మళ్లీ చిన్నది చేశాడు. ఇన్నేళ్లూ అతని ఊహలో ఉన్నది మంచాన పడ్డ మనిషి. ఇక్కడ తన కూతురికన్నా చిన్నపిల్ల నవ్వుతోంది.

వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. చాలాసేపటికి, అసలు దేన్ని చూసి అంత నవ్వుతోందోనని బురదలో పడ్డవాడి వైపు చూశాడు. అతనికీ నవ్వొచ్చింది.