కాసులు పట్టని చెయ్యి

ఒకప్పుడు తెలుగోళ్లూ ఒడియావాళ్లూ కలిసుండే అంకులిలో కబడ్డీ అంటే కాసులు పేరే చెప్పేవారు. ఇప్పుడతను గంజాంలో కెమికల్ ఫ్యాక్టరీకి షిఫ్టులకెళ్తున్నాడు. మైదానం దారి తొక్కి నాలుగేళ్లయింది. ఎవరైనా అడిగితే మోకాలు నొప్పంటాడు. మోకాలికి ఏమీ కాలేదు.

జట్టులో సగం తెలుగు కుర్రాళ్లు, సగం ఒడియా. ఒకే బండి దగ్గర ఇడ్లీ తినేవారు, ఒకరి భాషలో ఒకరు తిట్టుకునేవారు. మగాణ్ణి ఇష్టపడే మగాళ్ల మాటొస్తే మాత్రం ఇద్దరికీ పౌరుషం పొడుచుకొచ్చేది. అలాంటోళ్లు మీలోనే ఉంటారని వీళ్లు, కాదు మీలోనే అని వాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేది కాసులే.

అతని జోడీ గౌరీశంకర్. రైడర్ కూతపెట్టి రాగానే చెయ్యీ చెయ్యీ పట్టి గొలుసు కట్టడం వాళ్ల పని. ఆరేళ్లలో ఆ గొలుసు తెగింది లేదు. ఒకరోజు ప్రాక్టీసయ్యాక గౌరీశంకర్, తన మనసు ఆడపిల్లల మీదికి పోదని, మగవాళ్ల మీదికే పోతుందని చెప్పాడు. నీ మీద కాదులే, భయపడకని నవ్వాడు కూడా. ఎవరికీ చెప్పనని కాసులు మాటిచ్చాడు.

మాట తప్పలేదు. సంగతి ఎవరి ఫోన్లోంచో పాకింది. ఫైనల్‌కి ముందు ఒడియా కుర్రాళ్లు, మీ తెలుగోళ్లలో లేరన్నావు కదా అని కాసుల్ని ఏడిపించారు. తుమ్మితే ఊడే ఆ పరువు కోసం, గౌరీశంకర్ వింటుండగానే అన్నాడు.

"ఆడు మావోడు కాడు."

ఆట ఆఖరి నిమిషంలో రైడర్ వచ్చాడు. గౌరీశంకర్ అలవాటుగా చెయ్యి చాచాడు. అందరూ చూస్తున్నారని కాసులు పట్టుకోలేదు. రైడర్ ఆ సందులో దూరి గౌరీశంకర్‌ని తాకి పోయాడు. కప్పు పోయింది. నింద గౌరీశంకర్ మీద పడింది, వారం తిరక్కుండా జట్టులోంచి తీసేశారు. కాసులు నోరు విప్పలేదు. అప్పట్నుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ చాచిన చెయ్యే కళ్ల ముందుంటుంది.

మొన్న ఆదివారం ఉండబట్టలేక పురుషోత్తంపూర్ బస్సెక్కాడు. గౌరీశంకర్ అక్కడ మేనమామ స్టీలుసామాన్ల కొట్లో ఉన్నాడు. తప్పంతా తనదేనని, కప్పు పోయింది తనవల్లేనని కాసులు తలొంచుకుని చెప్పాడు. గౌరీశంకర్ గిన్నెలు తుడుస్తూ విన్నాడు, టీ తెప్పించాడు.

"కప్పు సంగతి ఎప్పుడో మర్సిపోనాన్రా. మీవోణ్ణి కానన్నావు. ఒడియావోళ్లు ఎలాగూ ఆళ్లలోకి రానీరు. మరి నానెవుడివోణ్ణో సెప్పనేదు నువ్వు."

కాసులు బల్ల మీదుగా చెయ్యి చాచాడు.

గౌరీశంకర్ ఆ చెయ్యిని కాసేపు చూసి, అందులో టీ గ్లాసు పెట్టాడు.

"సల్లారిపోతాది, తాగు."