ఎనిమిది తూముల డోలక్కు

మొన్న కడియంలో మా చెల్లెలి మనవరాలికి ఓణీలిచ్చారు. భోజనాలయ్యాక అందరూ పాటల దగ్గర మూగితే, మోకాళ్ళ నెప్పుల మనిషినని నాకు డీజే అతని బల్ల పక్కనే కుర్చీ వేశారు. అతని ముందున్న పెట్టె మీద గాడుల్లో కిందికీ పైకీ జారే బుడిపెలు వరసగా ఉన్నాయి. ఒకదాన్ని పైకి తోస్తే డప్పు పెరిగేది, ఇంకోదాన్ని దింపితే పాట అణిగేది. చెవులు చిల్లులు పడుతున్నా నేను లేవలేదు. వాటిని చూస్తూ చూస్తూ ఉండగానే పందిరీ జనమూ ఎటో కరిగిపోయి, ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు మీది మా పెంకుటిల్లూ, ఆ వసారాలో మంచం మీద మా ఆయనా కనపడ్డారు.

మా ఆయన కాలవ మీద లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. వానాకాలం సార్వా పంటకి నీళ్ళకి కొదవుండదు గానీ, తర్వాత వేసే దాళ్వా పంటకి చాలవు కాబట్టి వంతు పెట్టేవారు. ముందు ఈ పిల్లకాలవకి, తర్వాత దాని పక్కదానికి, అలా చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి. వంతు వచ్చినప్పుడు తలుపు ఎంత ఎత్తితే అంత నీరు, దించి ఉంటే ఆ చేను నోరెళ్ళబెట్టుకు చూడాల్సిందే. పగలు ఆ పని, సాయంత్రమైతే భజన. ఊళ్ళో డోలక్కంటే మా ఆయనే. కార్తీకంలో ఏకాహం పెడితే ఆయన కూర్చునే వేళకి ఆడవాళ్ళందరం కూరలు ముందే దించుకుని పరిగెత్తేవాళ్ళం. ఏకాహం సంగతి మీకు తెలిసిందే, పొద్దున ఎత్తుకున్న రామనామం మర్నాటి పొద్దుటిదాకా తెగకూడదు. కొత్త జట్టు వచ్చి పక్కన కూర్చుని నామం అందుకున్నాకే పాత జట్టు లేవాలి.

అలాంటి మనిషికి ఒక ఏడాది తొలకరిలో కుడిపక్క పడిపోయింది. రాజమండ్రి ఆస్పత్రిలో ఉంచాక కాలు తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. డోలక్కు భజనవాళ్ళకి ఇచ్చేయమన్నారు. పోనీ వినడానికైనా రండి అంటే రారు. సాయంత్రం తాళాలు వినపడగానే గోడవైపు తిరిగి పడుకునేవారు. మాట వచ్చిందన్నానే గానీ దాన్ని వాడుకున్నదెక్కడ, పెరుగు వెయ్యనా అంటే ఊఁ, వద్దా అంటే ఊఁ. పక్కన కూర్చుని విసురుతుంటే కూడా, ఈ మనిషి రోజుకింత చొప్పున ఎటో వెళ్ళిపోతున్నాడే, ఏం పెట్టి వెనక్కి పిలవను అని నాకు ఒకటే దిగులు.

మా మరిది రాజమండ్రిలో పాటల జట్టుకి కీబోర్డు వాయించేవాడు, మేడమీద గదిలో కంప్యూటర్ పెట్టుకుని భక్తి పాటలు రికార్డు చేసేవాడు. ఒకరోజు పక్కింటి ఫోనుకి చేసి, "వదినా, ఆదివారం మిడి తెస్తున్నా, అన్నయ్యకి చెప్పకు," అన్నాడు. ఆ రోజుల్లో ఆడపిల్లలంతా మిడ్డీలేగా వేసేవారు, మా అమ్మాయికేననుకున్నాను. ఆయన చూస్తే పరికిణీలు చాలవా, మిడ్డీలేంటి అనే రకం, అందుకే చెప్పొద్దన్నాడు కాబోలని కూడా నేనే సర్దుకున్నాను. పిల్ల వీధి వీధంతా చాటుకుని, ఆదివారం రెండు జడలేసుకుని గుమ్మంలో నిలబడింది. మరిది సంచీలోంచి తీసింది మూరెడు నల్ల పెట్టె. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాబాయ్, దీనికి చేతులేవీ?" అంది. మరిదీ నేనూ పడీపడీ నవ్వుతుంటే, ఏంటా గోల అని మా ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగారు.

మిడి అంటే గౌను కాదు, పాటలవాళ్ళు కంప్యూటరుకి తగిలించి శబ్దాలు పెంచడానికీ తగ్గించడానికీ వాడే పెట్టెట. మరిది దాన్ని కంప్యూటరుకి కలిపి ఇంకో పని నేర్పాడు. కంప్యూటరు దాని మీద వరసగా ఉన్న ఎనిమిది బుడిపెల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతుంది, చివరికెళ్ళి మళ్ళీ మొదటికొస్తుంది. పైకి తోసి ఉన్నదాని దగ్గర ఆ ఎత్తుకి తగ్గ దెబ్బ వేస్తుంది, దించి ఉన్నదాని దగ్గర ఊరుకుంటుంది. ఇంత చిన్న సంగతిని వాడు ఇంగ్లీషులో మొదలెట్టాడు, అన్నయ్యా ఇది ఫస్ట్ స్టెప్పు, ఇది సెకండ్ స్టెప్పు అని. "మెట్లెక్కే ఓపిక నాకు లేదురా," అని ఆయన కళ్ళు మూసుకున్నారు.

మరిది ఇంకేం చెప్పకుండా మొదటి బుడిపె పైకి తోశాడు. స్పీకర్లోంచి ఒక దెబ్బ, కాస్త ఆగి మళ్ళీ అదే దెబ్బ. మా ఆయన కళ్ళు తెరిచారు.

"ఇది నా చెయ్యిరా."

అవును, అంతకు రెండేళ్ళ ముందు భజన క్యాసెట్టుకని తన గదిలో అన్నయ్య చేత వాయించినదాంట్లోంచి మరిది ఆ దెబ్బల్ని ఏరి దాచాడు. ఆయన మంచం మీంచి ఆ పెట్టె వైపు జరిగారు. తర్వాత ఎడమచెయ్యి చాపి నాలుగోదాన్ని సగానికి ఎత్తారు, ఆరోదాన్ని కొంచెం. దెబ్బ పక్కన దెబ్బ చేరి నడక వచ్చింది. "ఓరి నీ దుంపతెగ, ఇది వంతు పెట్టడమే కదరా," అన్నారు. అన్ని నెలల్లో ఆయన నోట నేను విన్న పెద్ద మాట అదే. వంటింట్లోకెళ్ళి పొయ్యి ఊదుతున్నట్టు కాసేపు కూర్చుండిపోయాను.

తర్వాత రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నిద్రలో నడిచినట్టే ఉంటుంది. మరిది పాత కంప్యూటరొకటి మా వసారాలోనే వదిలి వెళ్ళాడు. మధ్యాహ్నాలు కాలవ మీది గాలీ, ఆ దరువూ కలిసి ఇంట్లో తిరిగేవి. నేను పులుసు కలిపే గరిటె దానికి తగ్గట్టే తిరిగేది. మొదట్లో ఆయన బుడిపెల్ని ఠక్కున తోసేవారు, పోనుపోను తూము ఎత్తినట్టు, కింది గట్టు కోసుకుపోకుండా, నెమ్మదిగా ఎత్తడం పట్టుబడింది.

కార్తీకం వచ్చింది. నేను మా పెదమావగారి దగ్గరికెళ్ళి, ఈసారి ఆయనకి వంతు ఇవ్వండని అడిగాను. భజనకి పెద్ద ఆయనే. "కరెంటు పోతే నామం తెగుద్ది కదమ్మా, ఊరికి అరిష్టం," అన్నారు. అప్పట్లో కరెంటు సంగతి నేనెరగనిదా. ఆయనే ఆలోచించి, డోలక్కు పట్టుకుని ఒకతన్ని పక్కన కూర్చోబెడతాను, ఆగిందో అతను అందుకుంటాడు, కానీ అలా ఆగితే మాత్రం మళ్ళీ అడగొద్దమ్మా అన్నారు. ఇది తెగితే మా ఆయన మళ్ళీ ఆ గోడవైపుకే పోతారని, ఈసారి తిరగరని నాకు తెలుసు.

పందిట్లో ముందు ఇకఇకలు. డోలక్కు పంపించి ఇస్త్రీపెట్టె తెచ్చుకున్నావేంట్రా బావా అని ఒకాయన. మా ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో మొదటి తలుపు ఎత్తారు. జనం ఆ దెబ్బని గుర్తుపట్టారు, ఇకఇకలు ఆగిపోయాయి. నేను మాత్రం నామం మర్చిపోయి వేలాడుతున్న బల్బునే చూస్తున్నాను. కాసేపయ్యాక ఆయన ఒక్కొక్కటీ దించుకుంటూ వచ్చారు. ఆగిపోతుందేమోనని పక్కనున్నతను డోలక్కు మీద చెయ్యి వేశాడు. ఆయన ఒక్కదాన్ని ఉంచారు, అదీ పావు వంతు ఎత్తులో. తాళాలు వాటంతటవే మెత్తబడ్డాయి, గొంతులు తగ్గాయి, పందిరంతా గుసగుసలాడినట్టు నామం ఆ ఒక్క దెబ్బ చుట్టూ తిరిగింది. మళ్ళీ ఒక్కోటీ ఎత్తుతుంటే కాలవకి నీరు వదిలినట్టు గొంతులు నిండుకుంటూ వచ్చాయి. కరెంటు పోలేదు. పోయినా జనం తెగనిచ్చేవారు కాదని ఇప్పుడనిపిస్తుంది. తర్వాతి జట్టు వచ్చి కూర్చుని నామం అందుకున్నా ఆయన లేవలేదు; మా పెదమావగారే భుజం తట్టి, "లేరా, వాళ్ళనీ పాడనీ," అన్నారు. ఇంటికొచ్చి పెరుగు గడ్డగా ఉందా అని అడిగి మరీ వేయించుకున్నారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఊళ్ళో ఏకాహం ఇప్పటికీ పెడుతున్నారు, పందిరి అప్పటికంటే పెద్దది, లైట్లు ఎక్కువ. పోయిన కార్తీకంలో మధ్యాహ్నం భోజనాల వేళ పెన్‌డ్రైవ్ పెట్టి అందరూ వెళ్ళారు. ఎక్కడో ఎవరో పాడిన నామం, చక్కటి గొంతులు, ఒక్క అపశృతి లేదు, తెగలేదు కూడా. పందిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. వదిలేసి వెళ్ళడానికి మనసొప్పక, ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుని ఇక నువ్వు లే అంటారేమోనని, వీధివైపు చూస్తూ కూర్చున్నాను.