హెల్మెట్ మీది టోపీ

మా పక్కింటి అంకుల్ మార్చి నెలాఖరున కన్నుమూశారు. నిద్రలోనే వెళ్లిపోయారని ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు వచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఎందుకంటే ఆయన నా నెత్తిన ఒక పని పెట్టి మరీ వెళ్లారు.

ఆయనకు కొండ పిచ్చి. అమెరికాలో మేముండే షాంటిలీ నుంచి కొన్ని గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే ఆ స్కీ కొండకు చలికాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి మా రెండు ఇళ్లవాళ్లం వెళ్లి తీరాలి. "మంచులో చూసి ఊరుకుంటే సగం కొండే చూసినట్టు" అనేవారు. మిగతా సగం కోసం జులైలో దోమలచేత కుట్టించుకుంటూ ఆయన వెనక నడిచేవాళ్లం. చలికాలమైతే మరీ విసుగు. తెల్లారకముందే అందర్నీ లేపేసేవారు. తీరా కార్లో కూర్చున్నాక పులిహోర డబ్బా మర్చిపోయానంటూ మళ్లీ లోపలికి వెళ్లేవారు. ఇంతా చేసి, స్కీయింగ్‌లో చిన్నపిల్లల వాలు దాటి ఎప్పుడూ రాలేదు. పడేవారు, లేచేవారు, మంచు దులుపుకుంటూ మాకు పాఠాలు చెప్పేవారు.

అన్నిటినీ మించి ఆ మంకీ క్యాప్. ఆంటీ అల్లిన పసుపురంగు ఉన్ని టోపీ. దాన్ని హెల్మెట్ మీదుగా సాగదీసి తొడుక్కునేవారు. కొండపైకి వెళ్లే లైన్లో వాళ్లు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

"అంకుల్, హెల్మెట్ చాలు. అది తీసేయండి ప్లీజ్."

"హెల్మెట్ తలకమ్మా. టోపీ చెవులకి."

మొన్న ఫిబ్రవరిలో, తీగకు వేలాడుతూ కొండెక్కించే కుర్చీ లిఫ్ట్ మీద పైకి వెళ్తూ, టోపీ తీసి దానికి పట్టిన మంచు దులపబోయి జారవిడిచారు. పక్కన నేనే ఉన్నాను. లిఫ్ట్ ఆగదు కదా. "మీ ఆంటీకి చెప్పకు. కార్లో ఉందందాం. జులైలో వచ్చి తీసుకుపోదాం" అన్నారు, అక్కడేదో లాకర్లో పెట్టినట్టు.

జులై వచ్చింది, ఆయన లేరు. ఆంటీ ఆ టోపీ కోసం అలమరాలన్నీ ఖాళీ చేసింది. మా కారు సీట్ల కింద కూడా వెతికించింది. "ఆయన గుర్తుగా అదొక్కటి నా దగ్గర ఉంచుకుంటానమ్మా" అంటుంటే ఇక నా వల్ల కాలేదు. జరిగింది చెప్పేశాను. ఆవిడ అలమరా తలుపు మూసేసింది. తర్వాత "కారు తియ్యి" అంది.

ఎండాకాలం కూడా ఆ లిఫ్ట్ నడుస్తుంది, ఊరికే కొండ చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం. ఇద్దరం ఎక్కాం. నేను కింద గడ్డిలో వెతుకుతున్నాను. ఆంటీ ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుంది. టోపీ అసలు నేల మీద పడనే లేదు. మా కాళ్లకు కాస్త దిగువన, ఒక పైన్ చెట్టు కొసకు తొడిగినట్టే ఉంది. రంగు వెలిసింది. ఎంత వంగినా చేతికి అందదు.

"చెవులకి పెట్టుకోండని అల్లి ఇస్తే చెట్టుకి పెట్టొచ్చారా?" అంది ఆంటీ, ఆయన ఎదురుగా ఉన్నట్టే.

"ఇక్కడివాళ్లని అడిగి తీయిద్దామా ఆంటీ?"

"ఉండనీ. మంచు పడ్డాక వచ్చి చూద్దాం. సగం చూస్తే సరిపోదుగా మీ అంకుల్‌కి."

పోయాక కూడా ఏడాదికి రెండుసార్లు మమ్మల్ని ఆ కొండకు రప్పించే ఏర్పాటు చేసుకున్నారు మహానుభావుడు. కుర్చీ ముందుకు కదిలిపోయింది. ఆంటీ మెడ వెనక్కి తిప్పి, ఆ పసుపు కొస చెట్లలో కలిసిపోయేదాకా చూస్తూనే ఉంది.