అక్క కొడవలికి తుప్పు పట్టించాను

నేను బొమ్మలు వేస్తాను. వారమంతా బడిలో డ్రాయింగు మాస్టారిని, ఆదివారం ఒక్కరోజే చిత్రకారుణ్ణి. నా బొమ్మల్లో ఉండేవన్నీ మా ఇంటి పాత సామాన్లే. మా పొలాన్ని మింగేసిన గోదాము గోడకి ఆనించిన నాన్న నిచ్చెన, కరెంటు స్తంభాల కింద తెరిచి పెట్టిన అమ్మ ట్రంకుపెట్టె, ఇలాంటివి. ఊరు మారిపోతోందని అందరూ నోటితో అంటారు, నేను రంగులతో అంటున్నానని తెగ మురిసిపోయేవాణ్ణి.

మా అక్కకి అలాంటి గొప్పలేం లేవు. గోదాముకీ కాలువకీ మధ్య మిగిలిన ముక్కలో గడ్డి పెంచి రెండు ఆవుల్ని సాకుతోంది. ఆ గడ్డి కోసేది అమ్మమ్మ నాటి కొడవలితో. అమ్మమ్మ, అమ్మ, అక్క, ముగ్గురిదీ పుర్రచెయ్యే. బజారు కొడవళ్లకి కుడిచేతి వాటానికి పదును పెడతారు. దీనికి మాత్రం ఆనాటి కమ్మరి అమ్మమ్మ చెయ్యి చూసి తిరగేసి సానపట్టాడు. ముగ్గురి బొటనవేళ్లూ నొక్కి నొక్కి పిడి మీద చిన్న గుంట పడింది. ఆ కొలిమి ఉన్న చోట ఇప్పుడు టైర్లకి పంచర్లు వేస్తున్నారు. అంటే, ఇది పోతే ఇంకోటి లేదు. ఈ సంగతి నాకు తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. నా సిగ్గంతా అక్కడే ఉంది.

పట్నంలో నా బొమ్మలు ప్రదర్శనకి పెడతానన్న గ్యాలరీ ఆయన "మీ ఇంటి పాత వస్తువు ఇంకొక్కటి ఉంటే బాగుంటుంది మాస్టారూ" అన్నాడు. అంతే, అక్క దగ్గరికి పరిగెత్తాను.

"పది రోజులంటే పది రోజులే" అంది అక్క. "ఆలస్యం చేశావనుకో, ఆవుల్ని తోలుకొచ్చి నీ బళ్లో కట్టేస్తా."

"నీ కొడవలికేమన్నా కాళ్లొస్తాయా అక్కా?"

"దానికెందుకొస్తాయి? నీ మతిమరుపు సంగతి నాకు తెలీదూ!"

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. తళతళా మెరుస్తోంది! రోజూ పనిచేసే ఇనుముకి తుప్పెక్కడిది? రెండుసార్లు గీస్తే రెండుసార్లూ నిన్న కొన్న వంటింటి కత్తిలాగే వచ్చింది. అప్పుడు నా బుర్రలో పురుగు తొలిచింది. పాత దుప్పటి చింపి, ఉప్పునీళ్లలో ముంచి, కొడవలికి కట్టు కట్టినట్టు చుట్టి, స్నానాలగదిలో ఓ మూల పెట్టాను. నాలుగోనాడు విప్పి చూస్తే ఎర్రటి తుప్పు. సిగ్గులేకుండా దాన్ని కళ్లకద్దుకున్నాను.

బొమ్మ నా చేతుల మీదుగా వచ్చిన వాటన్నిటికంటే బాగా వచ్చింది. పది రోజులు కాస్తా నలభై అయ్యాయి. తిరిగివ్వాలి కదా, గరుకు కాగితం పెట్టి రుద్దాను. తుప్పుతోపాటే పదునూ పోయింది, అంచు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"డాబా మీద పెట్టి మర్చిపోయానక్కా, వానలో తడిసింది" అని అబద్ధమాడాను.

అక్క అంచు మీద వేలు పెట్టి చూసింది. "పోన్లే, వానకి నువ్వేం చేస్తావురా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

బజారు కొడవలి కొనుక్కుంది. వాటం కుదరక, వారం తిరక్కుండానే అది జారి గడ్డి పట్టుకున్న చేతి వేలు తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి.

ప్రదర్శనకి అక్కని నేను పిలవలేదు. మా ఆవిడ పిలిచింది. అక్క మంచి చీర కట్టుకుని, కుడిచేతికి కట్టుతో వచ్చింది. బొమ్మలో వెనక గోదాము, ముందు సర్వే రాయి, దానికి ఆనించి తుప్పు కొడవలి. కింద చీటీ మీద పేరు: మరిచిపోయిన కొడవలి.

అక్క బొమ్మకి బాగా దగ్గరగా వెళ్లింది.

"ఈ తుప్పు చారలు చారలుగా ఉందేంట్రా?"

నేను కింద చీటీ సరిచేస్తున్నట్టు వంగాను.

"వానలో తడిస్తే అంతటా పడుతుంది. ఇది తడిగుడ్డ చుడితే పట్టిన తుప్పు. ఇదిగో, మడత కూడా వేశావు."

వేశాను. ఉన్నది ఉన్నట్టు వేయడమే నా ప్రత్యేకత అని ఊరంతా చాటుకున్నవాణ్ణి కదా, ఒక్క మడత కూడా వదల్లేదు. తల తీసేసినట్టయింది.

"అక్కా, అది నేనే..."

"తెలిసిందిలే."

ఇంతలో గ్యాలరీ ఆయన వచ్చాడు. "మీరు మాస్టారి అక్కగారా! మీ తమ్ముడు ఈ పాత వస్తువుల్ని ఎంత ప్రాణంగా చూసుకుంటారమ్మా!"

నేను నేలచూపులు చూస్తున్నాను. అక్క కట్టున్న చేతిని కొంగు కిందికి లాక్కుంది.

"అవునండీ" అంది. "అమ్మ వస్తువులంటే చిన్నప్పట్నుంచీ వాడికి అంతే."

బస్సు దాకా తోడు వెళ్లాను. బస్సు ఎక్కబోతూ అక్క వెనక్కి తిరిగింది.

"బొమ్మ బాగుందిరా. ఆ పేరొక్కటే... దాన్ని నేనెప్పుడు మరిచిపోయాన్రా?"

తిరిగొచ్చి ఆ చీటీ పీకేయాలనే అనుకున్నాను. లోపల నలుగురూ చుట్టూ చేరి చేతులు కలుపుతున్నారు, పొగుడుతున్నారు. ధైర్యం చాల్లేదు. ప్రదర్శన ఆఖరి రోజు దాకా ఆ బొమ్మ ఆ పేరుతోనే వేలాడింది.