ఎర్ర వైరు, తెల్ల వైరు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కార్లు వెనక్కి వెళ్ళేటప్పుడు పాట పాడతాయి. ఇది ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళకు సంగీతం మీద ఏదో పాత కక్ష ఉండి ఉండాలి. మూడో అంతస్తు వాళ్ళ తెల్లకారు రోజూ పొద్దున ఒక భక్తిగీతం మొదటి ముక్క పాడుకుంటూ స్తంభం దాకా వస్తుంది. స్తంభం తప్పగానే పాట ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో రెండో ముక్క నేను వినలేదు. అసోసియేషన్ మీటింగులో ఫిర్యాదు చేస్తే, మీకు పాటలంటే పడదా అండీ అని అడిగారు. పడుతుంది. వెనక్కి నడిచే పాటలంటేనే పడదు. ఆ మాట అంటే ఎందుకని అడుగుతారు. అందుకని కూర్చుండిపోయాను.

ఎందుకో మీకు చెబుతాను. మీరు నాకు తెలియదు, నేను మీకు తెలియను. ఇలాంటి పనికి ఇంతకన్నా దగ్గరి చుట్టరికం అక్కర్లేదు.

చాలా ఏళ్ళుగా ఒకటి మోస్తున్నాను. తూకం వేస్తే పెద్దగా ఏమీ ఉండదు. రెండు వైర్లు, ఒక జోకు, ఒక అబద్ధం. వైర్ల దగ్గర మొదలుపెడతాను. అవే చెప్పడం తేలిక.

అప్పుడు హైటెక్ సిటీలో పని చేసేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం బాగా నడుస్తున్న రోజులు. బంద్ రోజున ఆఫీసుకు సెలవిచ్చి, ఆ బాకీని శనివారం తీర్చుకునేవారు. కాబట్టి మా క్యాలెండర్‌లో ఉద్యమం శనివారాల రూపంలో కనిపించేది. క్యాంటీన్‌లో బల్లలు ఎవరూ పంచకుండానే పంచబడ్డాయి. కిటికీ వైపు తెలంగాణవాళ్ళు, చేతులు కడుక్కునే వైపు ఆంధ్రావాళ్ళు. నాది కర్నూలు. రెండు వైపులా నన్ను అనుమానించే వీలుంది గనక, రెండు బల్లల దగ్గరా జోకులు వేసి బతికేవాణ్ణి. దాన్ని తటస్థత అనుకునేవాణ్ణి. పిరికితనానికి అంత మర్యాదైన పేరు ఇంకొకటి దొరకదు.

మల్లేశ్ మా టీమ్‌లోనే టెస్టర్. పుప్పాలగూడలో పుట్టి పెరిగినవాడు. పుప్పాలగూడ అంటే మీరిప్పుడు అపార్ట్‌మెంట్లు అనుకుంటారు. అప్పటికింకా సగం ఊరే. మా ఇద్దరికీ ఒకే పిచ్చి, డీజేల్లా పాటలు కలిపి వాయించడం. కలిసి రికార్డులు తిప్పే పాత టర్న్‌టేబుళ్ళు రెండు కొన్నాం. బోరబండలో నా కిరాయి గదిలో మంచం తీసేసి వాటిని పెట్టుకున్నాం. నేను కింద చాప మీద పడుకునేవాణ్ణి. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు వాడు. "కర్నూలూ" అనేవాడు.

మేము వాడింది మామూలు రికార్డులు కావు. వాటిలో పాట ఉండదు. ఒక సన్నటి కూత ఉంటుంది, అంతే. ముల్లు ఆ కూతను చదువుతుంది. ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి, రెండు వైర్ల గుండా అది చిన్న పెట్టెలోకి, అక్కణ్ణుంచి లాప్‌టాప్‌లోకి పోతుంది. పాట ఉండేది లాప్‌టాప్‌లో. రికార్డు ఎంత వేగంగా తిరుగుతోంది, ఎటు తిరుగుతోంది అన్నది మాత్రం ఆ కూత చెబుతుంది. చేత్తో రికార్డును ఆపితే పాట ఆగుతుంది, వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. అసలు రికార్డు మీదే పాట ఉన్నట్టు.

ఇందులో ఒక తిరకాసుంది. ఎర్ర వైరు, తెల్ల వైరు ఒకదాని చోట ఒకటి పెడితే లాప్‌టాప్‌కు దిక్కు తారుమారవుతుంది. రికార్డు ముందుకే తిరుగుతుంటుంది, పాట వెనక్కి నడుస్తుంది. మొదటిసారి పెట్టినప్పుడు మేమిద్దరం ఆ తప్పు చేసి కడుపు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత మల్లేశ్ ఆ పెట్టె మీద, ఎర్రది ఎక్కడ పోవాలో అక్కడ, వాళ్ళ అమ్మ బొట్టుబిళ్ళ ఒకటి అంటించాడు.

వైర్లు, సాఫ్ట్‌వేరు, ఆ కూత సరిగ్గా అందుతోందో లేదో తెర మీద చూపించే వలయాలు, అవన్నీ నాకు వచ్చు. మాన్యువల్ మొత్తం చదివినవాణ్ణి. వాడు ఒక్క పేజీ చదవలేదు. కాని రికార్డు మీద వాడి చెయ్యి పడితే గదిలో గాలి మారేది. నా చెయ్యి పడితే పక్కింటివాళ్ళు తలుపు కొట్టేవారు. ఈ సంగతి మీద నేను చాలా జోకులు వేశాను. ఎక్కువ జోకులు వేసే విషయం ఏదో చూసుకుంటే మనిషి లోపల ఏముందో తెలుస్తుంది. అప్పట్లో నేను చూసుకోలేదు.

ఆ ఏడాది ఆఫీసులో ఫ్యామిలీ డే. ఉద్యోగుల ఇళ్ళవాళ్ళంతా వస్తారు. సాయంత్రం కార్యక్రమంలో మా ఇద్దరికీ కొంచెం సమయం ఇచ్చారు. ముందు వాడు వాయిస్తాడు, తర్వాత నేను. నడుమ మైకు పట్టుకుని మాట్లాడేది కూడా నేనే. జోకర్ని గదా.

మల్లేశ్ వాళ్ళ అమ్మ లక్ష్మమ్మ. బతుకమ్మకు వాళ్ళ వాడలో పాట ఎత్తేది ఆమె. ఆమె ఒక వరుస పాడితే తక్కిన ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అని అందుకుంటారు. మల్లేశ్ ఆమె గొంతును ఇంట్లో రికార్డు చేశాడు. దాన్ని ఎడమ టర్న్‌టేబుల్ మీద పెట్టి, కుడి దాని మీద డప్పు దెబ్బ కలిపాడు. నా గదిలో మొదటిసారి వినిపించినప్పుడు నాకు జోకు తోచలేదు. నాకు అలా ఎప్పుడూ జరగదు. ఇది నా వల్ల ఏ జన్మకూ కాదు అనుకున్నాను. "బాగుంది" అన్నాను.

ఫ్యామిలీ డేకు ముందు మా మేనేజరు పక్కకు పిలిచి, "మల్లేశ్ గారి పాట సంగతి కొంచెం చూడండి. పెద్దవాళ్ళు వస్తున్నారు. గొడవలేం లేకుండా ఉంటే బాగుంటుంది కదండీ" అన్నాడు. అది పువ్వుల పాట. అందులో జెండా లేదు, నినాదం లేదు. కాని ఆ రోజుల్లో తంగేడు పువ్వు కూడా ఒక వర్గమే. చాలా ఏళ్ళు ఆ మేనేజరు మాటను నేను అడ్డం పెట్టుకున్నాను. నన్ను చూడమన్నారు, చూశాను, అని. ఇప్పుడు అడ్డం తీస్తున్నాను. ఆయన వైర్లు మార్చమనలేదు. ఆయనకు అక్కడ వైర్లున్నాయనే తెలియదు.

ఫ్యామిలీ డే మధ్యాహ్నం ఇద్దరం కలిసి అన్నీ సరిచూశాం. పాట నేరుగా వచ్చింది. మల్లేశ్ అమ్మను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టడానికి కిందికి వెళ్ళాడు. నేను వేదిక మీద ఒక్కణ్ణే ఉన్నాను. ఎడమ టర్న్‌టేబుల్ వైర్లు రెండూ పీకి అటుది ఇటు, ఇటుది అటు పెట్టాను. ఎర్ర బొట్టుబిళ్ళ పక్కన తెల్ల వైరు. ఎంతసేపు పడుతుంది? చొక్కా గుండీ పెట్టుకున్నంత సేపు. ఆలోచించి చేశానా? ఆలోచించలేదు అని చెప్పుకుంటూ వచ్చాను. కాని చేసేముందు వాడు తిరిగి వస్తున్నాడేమో అని మెట్ల వైపు చూసిన సంగతి నాకు బాగా గుర్తుంది. ఆలోచించనివాడు మెట్ల వైపు ఎందుకు చూస్తాడు?

వాడు డప్పుతో మొదలుపెట్టాడు. హాలు ఊగింది. కిటికీ బల్లవాళ్ళు, చేతులు కడుక్కునే వైపువాళ్ళు కలిసే ఊగారు. అది చూసి నాకు ఇంకా మండింది. తర్వాత వాడు ముందు వరస వైపు చూసి, నవ్వి, ఎడమ రికార్డు వదిలాడు. మధ్యాహ్నం సరిచూసిందే కదా అని హెడ్‌ఫోన్‌లో వినలేదు.

లక్ష్మమ్మ గొంతు వెనక్కి నడిచింది. మీరు ఎప్పుడైనా మనిషి గొంతు వెనక్కి విన్నారా? ప్రతి మాటా బయటికి రాలేక తిరిగి గొంతులోకి పోతున్నట్టు ఉంటుంది. హాల్లో ఎవరో "ఏ భాష ఇది?" అని అరిచారు. మైకు నా చేతిలో ఉంది.

"రేపు కొత్త రాష్ట్రం వస్తే అధికార భాష ఇదేనట" అన్నాను.

సగం హాలు పగలబడి నవ్వింది. మిగతా సగం నవ్వలేదు. పరిస్థితిని కాపాడటానికి ఏదో ఒకటి అనాలి కదా, నా పని అదే కదా అని ఆ తర్వాత అందరికీ చెప్పాను. పరిస్థితిని తయారుచేసిందీ నేనే అని మాత్రం చెప్పలేదు.

అప్పుడు మల్లేశ్ చేసిన పని నేను మరిచిపోలేను. వైర్లు పీకి చూసుకోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. కింద పళ్ళెం ముందుకే తిరుగుతుంటే, పైన ఉన్న రికార్డును వేలితో పట్టి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. దిక్కు తారుమారైంది కదా. వెనక్కి తిప్పితే పాట ముందుకు వస్తుంది. వచ్చింది. వాళ్ళ అమ్మ గొంతు నేరుగా వచ్చింది. కాని చెయ్యి మిషన్ కాదు. గొంతు వణికింది, సాగింది, మళ్ళీ తేరుకుంది. ఏడుస్తూ పాడుతున్నట్టు ఉంది. వాడు తల ఎత్తకుండా ఒక వరుస మొత్తం తిప్పాడు, ఆ వరుస పూర్తయ్యాక ముల్లు ఎత్తేశాడు. ఎవరూ "ఉయ్యాలో" అనలేదు.

వాడు దిగిపోయాక నేను వంగి, ఏదో సరిచేస్తున్నట్టు నటించి, వైర్లు మళ్ళీ మార్చాను. నా పాటలు నేరుగానే నడిచాయి. చప్పట్లు కూడా కొట్టారు.

ఇంతవరకూ చెప్పినవి వైర్లు, జోకు. మిగిలింది చెప్పాలి. ఇక్కడే ఇన్నాళ్ళూ ఆగిపోతూ వచ్చాను.

కార్యక్రమం అయ్యాక క్యాంటీన్‌లో టీ ఇస్తున్నారు. మల్లేశ్ మాట వినపడనంత దూరంలో ఎవరితోనో ఉన్నాడు. లక్ష్మమ్మ పేపర్ కప్పును రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. మడతలు ఇంకా పోలేదు.

"బిడ్డా, జర ఒక మాట చెప్పు. ఈ మిషన్లన్నీ నీకెరికేనాయె. మావోడు మంచిగనే వెట్టిండు గద?"

"బాగానే పెట్టినాడమ్మా."

"మరి మిషన్ ఖరాబైందా?"

మిషన్ పెట్టింది నేను. మిషన్ చెడిందంటే నా మీదికి వస్తుంది. ఎవరైనా పెట్టె విప్పి చూడొచ్చు.

"లేదమ్మా."

"మరి గట్లెందుకొచ్చింది?"

చెప్పడానికి ఎన్ని ఉన్నాయి! కరెంటు అనవచ్చు. నాకు తెలియదనవచ్చు. ఏదైనా అనవచ్చు. నేనేమన్నానో తెలుసా?

"కొన్ని గొంతులు ఈ మిషన్లకు పట్టవమ్మా."

"గట్లనా" అంది. కొంగు సర్దుకుంది. "నా గొంతుతోని పోరని ఇజ్జత్ వోయింది, గంత మంది ముంగట." నా మీద కోపంతో కాదు. ఒక సమాచారం దొరికినట్టు అంది. నేను టీ తాగాను. చక్కెర ఎక్కువైందని గుర్తుంది. అలాంటివి గుర్తుంటాయి.

మల్లేశ్ మళ్ళీ టర్న్‌టేబుళ్ళు ముట్టుకోలేదు. పనెక్కువైందిరా అన్నాడు. అవి నా గదిలోనే దుమ్ము పట్టాయి. మరుసటి బతుకమ్మకు నన్ను ఇంటికి పిలిచాడు, వెళ్ళాను. పాట ఇంకెవరో ఎత్తారు. లక్ష్మమ్మ వరసలో తిరుగుతూ చప్పట్లు మాత్రం కొట్టింది. పెదవులు కదలలేదు. పక్కావిడ "ఏందక్కా, నువ్వెత్తవా?" అంటే, "నా గొంతు మంచిగ లేదే" అంది. పువ్వులు సర్దుతూ, నా వైపు చూసి, అవునా కాదా అన్నట్టు చిన్నగా నవ్వింది. నేనొక్కణ్ణే సాక్షిని. నేను కూడా నవ్వాను.

రాష్ట్రం వచ్చింది. ఆఫీసులో మిఠాయిలు పంచారు, తిన్నాను. రెండు బల్లలూ మళ్ళీ కలిశాయి. అందరూ పాత గొడవలను జోకులుగా చెప్పుకోవడం మొదలుపెట్టారు, అందులోనూ నేను ముందున్నాను. నా అధికార భాష జోకు కొన్నాళ్ళు చెలామణిలో ఉండి, తర్వాత మాయమైంది. లక్ష్మమ్మ మాత్రం మళ్ళీ పాట ఎత్తలేదు. ఇప్పుడామె కొడుకు దగ్గర తెల్లాపూర్‌లో ఉంటోంది. అక్కడ గేటు లోపల బతుకమ్మకు స్పీకర్లు పెడతారు. పాట ఎత్తే మనిషి ఎవరికీ అక్కర్లేదు. ఇది తలుచుకుని, ఎలాగూ ఆగిపోయేదే కదా అని కొంత ఊరట పొందడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

ఇప్పుడు నిజం చెప్పి ఏం లాభం, అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. లాభం కోసమైతే చెప్పకపోవడమే మేలు. మల్లేశ్‌కు చెబితే నా మనసు తేలికవుతుందనా? అదే నిజమైతే, చెప్పడం కూడా నాకోసం నేను చేసుకునే పనే. ఆమెకు చెప్పాలి. ఆమె ముందు నిలబడి, నీ గొంతుకు ఏమీ కాలేదు, నా బుద్ధికి అయింది అనాలి. ఈ వాక్యం నేను చాలాసార్లు సిద్ధం చేసుకున్నాను. చివర్లో ఏదో ఒక జోకు వచ్చి చేరుతుంది. తీసేస్తాను. మళ్ళీ వస్తుంది.

నేనిప్పుడు ఉండేది పుప్పాలగూడలోనే. వాడు పెరిగిన వాడకు దగ్గర్లోనే, ఆ పాటల కార్ల సెల్లార్ పైన. మొన్న మల్లేశ్ ఏదో పని మీద ఇటు వచ్చాడు. సెల్లార్లో నిలబడి మాట్లాడుకుంటున్నాం. మూడో అంతస్తు తెల్లకారు పాడుకుంటూ వెనక్కి వచ్చింది. స్తంభం తప్పింది. పాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ఎలా వచ్చిందో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ రోజు వైర్లు మార్చింది నేనే అన్నాను. నేరుగా అన్నాను. జోకు లేకుండా.

వాడు నా మొహం వైపు చూడలేదు. కారు తాళం చెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు మల్ల మార్చేటప్పుడే చూసిన, కర్నూలూ. వైర్ల ముచ్చట ఇడిసిపెట్టు. క్యాంటీన్ల మా అమ్మకేం చెప్పినవో గది చెప్పు."